మూడుసార్లు మారిన పసుపు ముహూర్తం

దబీర్‌పురా

చెల్లెలు సూర్యప్రభకు వామన్‌రావు ఆశీస్సులు.

మన వసుధ పెళ్ళికి శుక్రవారం పసుపు దంచడానికి ముహూర్తం పెట్టాను. మేనత్తవు, రోకలికి మొదటి చెయ్యి నీదే. నాకు ఫోనులో సరిగా వినపడదు గనుక ఆటో ఎల్లేష్‌తో ఈ ఉత్తరం పంపుతున్నాను. జవాబు అతనికే ఇవ్వు.

నీ అన్నయ్య

తా.క.: రొమ్ము క్యాన్సర్ మాత్ర మానకుండా వేసుకుంటున్నావు కదా?

బహదూర్‌పురా

అన్నయ్యకు నమస్కారం.

శుక్రవారం రాలేను. మోకాళ్ళ నొప్పులు. వేరే ఎవరితోనైనా దంచించండి.

సూర్యప్రభ

తా.క.: మాత్ర వేసుకుంటున్నాను. ఒళ్ళంతా ఆవిర్లు. ఇంత చలిలో ఫ్యాను వేస్తే మీ బావ రెండు రగ్గులు కప్పుకుని నన్ను తిడుతున్నారు.

దబీర్‌పురా

చెల్లెమ్మకు ఆశీస్సులు.

మోకాళ్ళ నొప్పులైతే కూర్చుని దంచు. ముహూర్తం బుధవారానికి మార్చాను. నిజం చెప్పు, పోయినసారి పెట్టిన చీర నచ్చలేదా? ఆ రంగు వద్దని మీ వదిన అంటూనే ఉంది.

నీ అన్నయ్య

తా.క.: ఎల్లేష్ ఏమన్నాడో విను. "అక్కకు మోకాళ్ళ నొప్పులేంది పంతులూ? నిన్న గబగబ మేడెక్కి బట్టలు ఆరేస్తుంటె నేనే చూసిన."

బహదూర్‌పురా

అన్నయ్యకు నమస్కారం.

చీర బాగుంది. బుధవారం నక్షత్రమే నాకు పడదు.

సూర్యప్రభ

తా.క.: ఆస్పత్రిలో మాత్రతోపాటు ఒక కాగితం ఇచ్చారు. నేను కళ్ళద్దాలు మరచిపోతే నువ్వే చదివి వినిపించి, దగ్గర పెట్టుకున్నావు. అందులో ఆవిర్లు కాక ఇంకేమైనా రాసి ఉందా? ఊరికే అడుగుతున్నాను.

దబీర్‌పురా

సూర్యప్రభకు.

ముప్పై ఎనిమిదేళ్ళుగా పంచాంగం చూస్తున్నవాణ్ణి, నాకే నక్షత్రాలు చెప్తావా? ఆదివారానికి మార్చాను. ఇది మూడో ముహూర్తం. మేనత్త అలిగిందా అని వియ్యాలవారు అడుగుతున్నారు. పసుపు కొమ్ములు అమ్మిన మాదన్నపేట పుష్పమ్మ కూడా "ఇంక దంచలేదా పంతులూ" అన్నది. తల కొట్టేసినట్లయింది. ఈసారి రాకపోతే నీ గడప తొక్కను.

వామన్‌రావు

తా.క.: కాగితంలో ఇంకేమీ లేదు.

బహదూర్‌పురా

అన్నయ్యకు నమస్కారం. ఇక్కడినుంచి చదవకుండా ఉత్తరం వదినకు ఇవ్వు.

వదినా, నాకు నెలసరి ఆగి తొమ్మిదేళ్ళయింది. రెండు నెలలుగా మళ్ళీ కనబడుతోంది. వారం ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. అరవై ఒకటో ఏట ఈ మాట ఎవరితో చెప్పుకోను? ఆ బట్టలు కోడలు చూడకుండా నేనే ఉతుక్కుంటున్నాను. ఈ చేత్తో వసుధ పసుపు ఎలా ముట్టను? సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మీ సూర్యప్రభ

తా.క.: అన్నయ్యా, ఇంతవరకు చదివే ఉంటావు. ఇక నీకు నా మొహం చూపించలేను.

దబీర్‌పురా

చెల్లెమ్మకు ఆశీస్సులు.

చదివాను. సిగ్గుపడాల్సింది నేను. ఆ కాగితంలో మూడో వాక్యం ఉంది. ఈ మాత్ర వేసుకుంటుండగా, నెలసరి ఆగినవారికి మళ్ళీ రక్తం కనబడితే వెంటనే డాక్టరుకు చెప్పాలని, గర్భసంచి చూపించుకోవాలని. ఆస్పత్రి వరండాలో అంతమంది మధ్య చెల్లెలికి ఆ మాట చదవడానికి నోరు రాక మింగేశాను. నువ్వు అడిగినప్పుడు కూడా ఏమీ లేదని అబద్ధమాడాను. నావల్ల రెండు నెలలు పోయాయి, క్షమించు.

నర్సు బేబీని అడిగాను. చాలామందికి భయపడాల్సిందేమీ ఉండదట, కానీ చూడందే చెప్పలేరట. సోమవారం ఉదయం పది నలభైకి స్కానింగు. పంచాంగం చూడకుండా నేను పెట్టిన మొదటి ముహూర్తం ఇదే, ఇది మారదు. మీ వదిన నీతో లోపలికి వస్తుంది. పసుపు ఆ తర్వాతే. నువ్వు ఎలా ఉన్నా మొదటి చెయ్యి నీదే.

నీ అన్నయ్య

తా.క.: కళ్ళద్దాలు మరచిపోయినా ఫర్వాలేదు. ఈసారి ఏ కాగితమిచ్చినా ప్రతి ముక్కా చదువుతాను. నా చెవుల సంగతి తెలుసు కదా, నా గొంతు వరండా అంతా వినపడుతుంది.