అద్దం బయట నిలబడిన డ్రైవరుకు ఒక్క రోజు సెలవు గురించి

మహారాజశ్రీ బస్సు డిపో మేనేజరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ డిపోలో పదకొండో నంబరు బస్సు నడుపు మా అన్నయ్యకు రేపు ఒక్క రోజు సెలవు ఇప్పించుట గురించి, అందుకు అవసరమైనంత మేర నేను చేసిన నేరమును ఒప్పుకొనుట గురించి.

నేను పై డ్రైవరుకు సొంత తమ్ముడను. డిగ్రీ పూర్తయినది, ఉద్యోగము మొదలు కాలేదు. కావున మా ఇంటిల్లిపాదిలో తీరిక గలవాడను నేనొక్కడనే. ఆ తీరికతోనే విన్నవించుకొనునది ఏమనగా:

1. ఇరవై మూడు రోజుల క్రితం మా వదినకు నెలలు నిండకుండానే ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. బరువు తొమ్మిది వందల ఎనభై గ్రాములు. తమ ఆఫీసులో సెలవు దరఖాస్తుల ఫైలును నేను స్వయముగా ఎత్తి చూచితిని. ఫైలే బరువు. పాప ఆస్పత్రి మూడో అంతస్తులో, పసిపిల్లల ఐసీయూలో, గాజుపెట్టెలో ఉన్నది. వదిన రెండో అంతస్తులో, కుట్లు చీముపట్టి జ్వరంతో ఉన్నది. జ్వరం ఉన్నవారికి ఐసీయూలోకి ప్రవేశం లేదు. తల్లికీ బిడ్డకూ మధ్య ఇరవై నాలుగు మెట్లు. ఇంతవరకు వదిన తన కూతురిని నా ఫోనులో మాత్రమే చూసింది. డాక్టరు గారి నడక నడిచి చూపించి ఆమెను నవ్వించబోతే, "నీకు దణ్ణం పెడతానయ్యా, నవ్వించకు, కుట్లు లాగుతున్నాయి" అని ఏడ్చింది. నాకు తెలిసిన ఒక్క విద్యా ఆ విధముగా అక్కరకు రాకుండా పోయినది.

2. పాపను రోజూ రెండు గంటలు ఒట్టి ఛాతీ మీద పడుకోబెట్టుకోవాలని, ఆ వెచ్చదనానికే ఊపిరి కుదురుకుంటుందని పెద్ద నర్సమ్మ గారు చెప్పారు. పట్టుకునేది తల్లి గానీ తండ్రి గానీ అయి ఉండాలి. వేళలు పది నుంచి నాలుగు. అన్నయ్య డ్యూటీ తెల్లవారి ఐదుంపావు నుంచి సాయంత్రం ఐదు. డ్రైవర్లు చాలనందున వారాంతపు సెలవులు కూడా తమరే రద్దు చేశారు.

3. అన్నయ్య రెండో రోజే తమ వద్దకు వచ్చాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను గనుక తమ మాటలు అక్షరం పొల్లుపోకుండా విన్నాను.

"బిడ్డ డాక్టర్ల దగ్గరుంది కదయ్యా. చూసుకోడానికి వాళ్లున్నారు. నువ్వెళ్లి అక్కడ ఏం పీకుతావ్?"

"పట్టుకోవాలట సార్."

"పట్టుకోడానికి సెలవా! ముందు ఏదో ఒకటి తేలనీ. ఇంటికొచ్చిందనుకో, దానికో రకం సెలవుంది. రాలేదనుకో, దానికి ఇంకో రకం ఉంది. మధ్యలో వేలాడేదాన్ని నేను దేని కింద రాయను?"

తమరు ఆ రోజు చాలా సేపే సెలవిచ్చారు గాని, సెలవు మాత్రం ఇవ్వలేదు.

4. ఇక నేరము. ఐదో రోజున అన్నయ్య పాసు నేను మెడలో వేసుకొని, పాప తండ్రినని చెప్పి లోపలికి పోయితిని. ఇద్దరిదీ ఒకటే మూతి, ఒకటే నుదురు. టోపీ, మాస్కు పెట్టాక మా అమ్మ అయినా తడబడుతుంది. పద్దెనిమిది రోజులు, పద్దెనిమిది సంతకాలు. అన్నీ దొంగవే. పాప మాత్రం నూట పది గ్రాములు నిజంగానే పెరిగింది.

5. పదకొండో నంబరు బస్సు రోజుకు ఆరుసార్లు ఆస్పత్రి ముందు ఆగుతుంది. తమరు ఇచ్చిన మెమోలో "కారణము లేకుండా నాలుగు నిమిషములు నిలిపివేసెను" అని ఉన్నది. కారణము నేను. పాపకు గొట్టం తీసేశారని, సొంతంగా ఊపిరి పీలుస్తోందని చెప్పడానికి మూడంతస్తులు దిగి పరుగెత్తి కిటికీలోంచి అరిచాను. అన్నయ్య స్టీరింగు మీద తల వాల్చేశాడు. వెనక నుంచి ఎవరో "డ్రైవరు గారూ, మాకూ ఆఫీసులున్నాయి!" అన్నారు. ముందు సీట్లో ముసలమ్మ ఒకావిడ "నోరు మూసుకో నాయనా. ఏడుస్తూ నడిపితే ఆఫీసుకి కాదు, అందరం కలిసి ఇదే ఆస్పత్రికి పోతాం" అన్నది. ఆవిడ లెక్క ప్రకారం ఆ నాలుగు నిమిషాలు ప్రయాణికుల భద్రత కొరకే ఖర్చయినవి.

6. నిన్న తమకు ఏమి తోచిందో, ఉన్నట్టుండి అన్నయ్యకు డ్యూటీ వేయలేదు. నాకు ఫోను కలవక, గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని నేరుగా వచ్చేశాడు. అప్పటికే నేను లోపల ఉన్నాను. పాప నా ఛాతీ మీద ఉన్నది, లేవడానికి వీల్లేదు. వాచ్‌మన్ ఆపేశాడు.

"తండ్రి లోపలికెళ్లి అరగంటైంది. మీరెవరు?"

నర్సమ్మ గారు తలుపు తీసి నావైపు తిరిగారు. "ఈయన మీకేమవుతారండీ?"

నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను. అన్నయ్య అద్దంలోంచి నన్ను చూసి అడ్డంగా తల ఊపాడు.

"తమ్ముణ్ణండీ," అన్నాడు. "పాపకి బాబాయిని."

"బాబాయిలకి లోపలికి లేదండీ. అక్కణ్ణించే చూసి వెళ్లండి. పోలికలు మాత్రం అచ్చం మీ అన్నయ్యవే!"

నలభై నిమిషాలు అద్దం బయట నిలబడ్డాడు. పాప ముఖం నావైపు తిరిగి ఉంది. వాడికి కనిపించింది పాప టోపీ, వీపు, ఒక కాలు.

మెట్ల మీద అడిగాను, అలా ఎందుకన్నావని. "నిజం చెబితే నిన్ను గెంటేస్తార్రా. రేపు నేను డ్యూటీకి పోతే దాన్నెవరు పట్టుకుంటారు?" అన్నాడు. నాలుగు మెట్లు దిగాక, "పట్టుకుంటే ఎలా ఉంటుందిరా?" అన్నాడు.

దేని మీదనైనా జోకు వేయగలనని కాలేజీలో నాకు పేరు. ఆ మెట్ల మీద ఉన్నమాటే చెప్పాను, వెచ్చగా ఉంటుందని.

7. పాప గుండె దగ్గర మూసుకోవలసిన నాళం ఒకటి మూసుకోలేదట. రేపు పది గంటలకు ఆపరేషన్. తల్లి, తండ్రి ఇద్దరూ డాక్టరు గారి ఎదుట సంతకం పెట్టవలెను. వదిన పడుకునే పెట్టేసింది. ఆ ఒప్పుకోలు కాగితంలో రెండో పేరాలో ఏమి రాసి ఉన్నదో తమకు పిల్లలుంటే నేను చెప్పనక్కరలేదు. ఆ పేరా కింద దొంగ సంతకం పెట్టడానికి నాకు చెయ్యి రావడం లేదు.

కావున పై సంగతులన్నియు చిత్తగించి, నా మీద కేసు పెట్టదలచినచో ఎల్లుండి పెట్టుకొని, రేపు అన్నయ్యను విడువవలెనని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు, పాపకు అసలు బాబాయి

తా.క.: ఈ అర్జీ సంగతి అన్నయ్యకు తెలియదు సార్. తెలిస్తే చించేస్తాడు. నన్ను ఆస్పత్రిలోకి రానివ్వరని వాడి భయం. తెల్లవారితే ఐదుంపావుకి బండెక్కుతాడు, పదింటికి ఎక్కడో సిగ్నల్ దగ్గర ఉంటాడు. ఆర్డరు టైపు చేయించడానికి టైము లేదంటే వద్దు, ఏ రకం సెలవో కూడా రాయొద్దు. పొద్దున గేటు దగ్గర వాణ్ణి చూసి ఒక్కసారి "పో" అనండి సార్, చాలు. తిట్టినట్టు అన్నా పర్లేదు. పోతాడు.