చింతగింజ ఆటగాడు

ఆదివారం, బిషాన్.

నా పాత బేస్‌బాల్ బోర్డు ఆటకి వెల కట్టడానికి ఈ ఊళ్లోనే తంజోంగ్ పగార్ నుంచి మూర్తి వచ్చాడు. ఇలాంటివి సేకరించే పిచ్చి మా ఇద్దరికీ ఉంది. అట్టపెట్టె మూలలు నలగలేదని మురిసిపోయాడు, అంకెల చక్రం మీది ముల్లు తిప్పి చూశాడు. చెక్క ఆటగాళ్ల మధ్య చింతగింజ కనపడగానే మొహం మాడ్చాడు.

"ఇదేంటి అంకుల్, చెత్త! తీసెయ్యండి లా. నా దగ్గర అసలు బొమ్మ స్పేర్ ఉంది. పెడితే సెట్టు ఫుల్, రేటు డబుల్." ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే "లా" వాడికీ అంటుకుంది.

"చెత్త కాదురా, అది కెప్టెన్. లిమిటెడ్ ఎడిషన్," అన్నాను. వెర్రిబాగులవాడు, ఫోన్లో వెతికాడు కూడా!

బొమ్మ ఒకటి పోతే ఆ గింజ పెట్టింది మా సరళ. బేస్‌బాల్ రూల్సు మా ఆలుమగలిద్దరికీ రావు. అష్టాచెమ్మాలాగే ఆడేవాళ్లం. నా ఆటగాడు దొరికితే చాలు, "చచ్చావ్!" అని అరిచి బోర్డు బయటికి గెంటేసేది.

ఆట అమ్మనని చెప్పి మూర్తిని పంపేశాను. సరళ పోయాక మొదటిసారి ఇవాళ బోర్డు పరిచాను. తన వంతు ముల్లు కూడా నేనే తిప్పాను. గింజ సరిగ్గా నా బొమ్మ మీదికే వచ్చింది. బొమ్మని తీసి పక్కన పెట్టాను. ఆ కేక కోసం కాసేపు ఆగాను.