గోల్‌లో దొర

కామారెడ్డి, శ్రావణ శుక్రవారం రాత్రి

నా డైరీ దొంగచాటుగా చదివే బామ్మర్దీ, మన ఫుట్‌బాల్ జట్టును చెడగొట్టింది నువ్వే! వానలకు ఆటలు ఆగగానే, సెక్రటరీవి కదా, బీడీలు చుట్టే రాజయ్యను తీసేసి ఊరి దొరను గోల్‌కీపర్ చేశావు.

"దొర మీదికి బంతి తన్నే మొనగాడు ఎల్లారెడ్డి జట్టుల ఎవడున్నడు బావా? ఒక్క గోల్ గూడ పడది!" అన్నావు.

సాయంత్రం సాధన చూశాను. దొరకు గోల్‌లో కుర్చీ వేశారు. బంతితో ఉరికొచ్చిన మనవాళ్లు ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. గట్టు మీంచి రాజయ్యే అరిచాడు: "కుర్చీ కిందికెల్లి పోతది దొరా, జర కాళ్లు అడ్డం పెట్టుండ్రి!"

ఓడిపోతామని కాదు నా భయం. ఇట్లాగే గెలుస్తామేమో...

నా డిమాండ్లు:
రాజయ్యను మళ్లీ గోల్‌లో నిలబెట్టాలి.
కుర్చీ తీసేయాలి.
దొర ఆడతానంటే అందరితోపాటు ఉరకాలి.
ఈ మాట దొరకు నువ్వే, నడుము వంచకుండా చెప్పాలి.