అంచు లోపలి మడత

నా కాజాలమ్మకి,

నువ్వు పుట్టింటికి వెళ్ళాక నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. దీవిలో, పడవల రేవు దగ్గర బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఈయనేమిటి, దీవికి షికారేమిటి అని నవ్వకు. మన దర్జీ షాపు పక్కన ఇస్త్రీ తాత ఉన్నాడుగా, ఆయన పోరు. "ఒరేయ్, నీ మొహం చూస్తుంటే నా బొగ్గులు కూడా రాజుకోవట్లేదురా. ఒక్కరోజు షాపు కట్టేసి సముద్రపు గాలి పీల్చుకుని రా పో" అని, తనే వచ్చి పడవ ఎక్కించాడు.

ఇక్కడ చూడాల్సినవన్నీ చూశాను. దీపస్తంభం ఎక్కాను. పక్కనున్నాయన "అబ్బ, ఎంత బావుందండీ!" అంటే "అవునండీ" అన్నాను. పాత కోటగోడ వెంబడి చివరిదాకా నడిచాను. వలలు బాగుచేసేవాళ్ళ దగ్గర కాసేపు నిలబడ్డాను. వాళ్ళ ముడి మన ముడికంటే గట్టిది. గవ్వలమ్మే ఆవిడ చెప్పిన ధర ఇచ్చేస్తే ఆవిడే కంగారుపడి "అదేంటయ్యా, బేరమాడవా?" అంది. తీరా చూస్తే గవ్వలు అక్కడే మరిచిపోయి వచ్చాను. అందరూ తింటుంటే నేనూ తిన్నాను. ఎండా ఉంది, గాలీ ఉంది, నాకే ఏదీ తగలడం లేదు. జ్వరమే కదా అనుకున్నాం, పాప పోయింది. అప్పట్నుంచీ ఇలాగే మొద్దుబారిపోయి ఉన్నాను.

నీకు చెప్పాల్సింది ఒకటుంది. షాపు మూసేస్తున్నాను. నెలాఖరుకి తాళంచెవి ఇంటాయనకి ఇచ్చేస్తాను. బట్టల ఫ్యాక్టరీలో పని దొరికింది, పొద్దస్తమానం జేబులే కుట్టాలట. జేబులకైతే ఎవరి కొలతలూ తీసుకోనక్కర్లేదు. నువ్వు మీ అమ్మ దగ్గరే ఉండు. నన్ను చూస్తే నీకు పాప గుర్తొస్తుంది, నిన్ను చూస్తే నాకూ అంతే.

షాపు ఎందుకు మూస్తున్నానంటావా? నువ్వు వెళ్ళిన కొన్నాళ్ళకి ఒకావిడ వచ్చి స్కూలు గౌను బల్ల మీద విసిరికొట్టింది. "అంచులో వేలెడు మడత కూడా పెట్టలేదేంటయ్యా? నా కూతురు ఎదగదనుకున్నావా?" అంది. తిరగేసి చూస్తే నిజమే. ఆ తర్వాత ఇంకొకరు, ఆ వెనక మరొకరు. ఈసారి స్కూలు గౌన్లన్నీ అలాగే కత్తిరించాను, సరిగ్గా కొలతకి. పిల్లల బట్టలకి లోపల గుడ్డ మడిచి పెట్టాలని, పొడుగైతే విప్పుకుంటారని మా నాన్న నా చేతికి కత్తెర ఇచ్చిన రోజే నేర్పాడు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ పిల్లలు పెరుగుతారన్న సంగతే నా చేతులు మరిచిపోయాయి. ఇలాంటి చేతులతో ఊళ్ళో పిల్లలకి ఏం కుట్టను?

ఇంతవరకూ రాసి కాగితం మడుస్తుంటే, ఒక పిల్ల పరుగెత్తుకొస్తూ రేవు మెట్ల దగ్గర మేకుకి గౌను తగిలించుకుంది. అంచు ఊడి వేలాడుతోంది. వాళ్ళ నాయనమ్మ ఒకటే గోల. నా కాలరు వెనక దారం ఎక్కించిన సూది ఎప్పుడూ ఉంటుందిగా, కుట్టిపెడతానన్నాను. "ఎలాగూ ఊడింది, మిగతాది కూడా విప్పి కిందికి కుట్టు బాబూ. చూడు, మోకాళ్ళ పైకెక్కింది. రోజుకింత ఎదుగుతోంది మాయదారి పిల్ల!" అంది. విప్పాను. గౌనంతా ఎండకి వెలిసిపోయింది గానీ, మడతలో గుడ్డ మాత్రం కొన్ననాటి ఆకుపచ్చే. ఎవరో దర్జీ దాన్ని ఆ పిల్ల కోసం దాచిపెట్టాడు. "తొందరగా కుట్టు తాతా" అంది ఆ పిల్ల. తాతనట! కుట్టగానే గంతులేసుకుంటూ పోయింది. నేను సూది పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఏడుపొస్తుందేమో అనుకున్నాను. రాలేదు.

అన్నట్టు, మన పాప నీలం గౌను షాపులో కనబడలేదు. వెతికి వెతికి వదిలేశాను. నువ్వు గానీ తీసుకెళ్ళావా?

నీ
కత్తెరయ్య

*

కత్తెరయ్యగారికి,

గవ్వలు కొని అక్కడే మరిచిపోయి వచ్చే మొగుడు నాకు తప్ప ఇంకెవరికి దొరుకుతాడు! మీ ఉత్తరం అమ్మకి వినిపించలేదు. గోడవైపు తిరిగి నేనొక్కదాన్నే చదువుకున్నాను.

కత్తిరించింది మీరు. మరి ఆ గౌన్ల అంచులు చేత్తో కుట్టిందెవరండీ? నేనే కదా. మడత లేదని నా వేళ్ళకి తెలియలేదనుకున్నారా? మొదటి గౌనుకే తెలిసింది. "ఏవండీ, మడత మరిచారు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఊరందరి పిల్లలూ ఎదుగుతారు, వాళ్ళ అమ్మలు కూర్చుని ఆ మడతలు విప్పుతారు అనుకునేసరికి నా కడుపు మండిపోయింది. నోరు మూసుకుని అన్నీ కుట్టేశాను. ఆ తర్వాత మీ మొహం చూడలేకే ఇక్కడికి వచ్చేశాను, పాప గుర్తొస్తుందని కాదు. మీవి మరిచిపోయిన చేతులు. నావి మరవలేదు. ఇప్పుడు చెప్పండి, పని మానుకోవాల్సింది ఎవరో.

తాళంచెవి ఎవరికీ ఇవ్వకండి. ఆ గౌన్లన్నీ వెనక్కి తెప్పించి పెట్టండి, అంచులకి పట్టీలు వేద్దాం. తిట్లు పడితే ఇద్దరం పడదాం. గురువారం బస్సుకి వస్తున్నాను.

నీలం గౌను నా దగ్గరే ఉంది, పెట్టె అడుగున. దానికి జానెడు మడత పెట్టారు మీరు. "ఇదేంటండీ, పెళ్ళికి కూడా ఇదే వేద్దామా?" అని వెక్కిరించాను, గుర్తుందా? దాన్ని విప్పలేదు. అలాగే తెస్తున్నాను.

మీ
కాజాలమ్మ