పంచె మీది అక్షరాలు

నంద్యాల రైస్ మిల్లు మురళీధర్ శెట్టి గారికి, ఆళ్లగడ్డ శిల్పి నమస్కరించి రాసుకునే సంగతి.

మీ అమ్మానాయనల విగ్రహాలు పూర్తయ్యాయి. గురువారమే మిల్లు ముందర నిలబెట్టాలన్నారు కాబట్టి ఒక మాట ముందే చెప్పుకోవాలి.

మీరు కంప్యూటర్ తెర మీద పెట్టి, సెల్‌ఫోన్‌తో తీసి పంపిన ఫోటోలో నాయనగారి పంచె మీద, మోకాలి కింద, రెండు వరుసల ఇంగ్లీషు ఉంది. నాకు ఇంగ్లీషు చదవడం రాదు, మిల్లు పేరు నేయించుకున్నారేమో అనుకున్నాను. అమ్మగారి ఫోటోలో చీర మీద కూడా సరిగ్గా అక్కడే అవే అక్షరాలు కనబడ్డాయి. ఇక అనుమానం పోయి ఇద్దరికీ చెక్కాను. నల్లరాతి మీద చాలా అందంగా కుదిరాయి.

నిన్న మా వీధిలో నెట్ సెంటర్ నడిపే ఇర్ఫాన్ వచ్చి, చదివి, నేల మీద కూలబడి నవ్వాడు.

"ఏందప్పా ఇది? ఆ శెట్టి కంప్యూటర్‌లో దొంగ సాఫ్ట్‌వేర్ ఏసుకున్యాడు. లైసెన్సు కొనమని అది తెర మీద అడుగుతాంది. దాన్ని నువ్వు రాతిలో చెక్కినావా!" అన్నాడు.

నేను ఫోటోలో ఉన్నది ఉన్నట్టు చెక్కేవాణ్ణి. మీరు లైసెన్సు కొని, మళ్లీ ఫోటోలు తీసి పంపండి. వాటిలో అక్షరాలు లేకపోతే రాతి మీద కూడా అరగదీస్తాను. ఇద్దరి కాళ్లూ కాస్త సన్నబడతాయి, అంతే.

కొనే ఉద్దేశం లేకపోతే విగ్రహాలు ఇలాగే పంపుతాను. కానీ నాయనగారి పీఠం మీద "జన్మలో దొంగ తూకం వేయని మనిషి" అని రాయమన్నారే, పంచె మీది అక్షరాల కింద ఆ మాట నా ఉలితో చెక్కలేను.