మాస్కు కింద పౌడరు

మంగళవారం

నాచారంలోని కారం ప్యాకింగు కంపెనీలో నాతోపాటే స్వప్న కూడా రోజంతా మాస్కు పెట్టుకుంటుంది. దాని ముఖం మీద ఒక్క మొటిమ లేదు. నా బుగ్గల నిండా పొక్కులే. అవి కనపడొద్దని రోజూ పౌడరు దట్టంగా అద్దుకుని, పైన మాస్కు పెట్టుకుంటున్నాను.

ఇవాళ అన్నాల దగ్గర అందరి ముందూ అనేసింది. "పౌడర్ మీద మాస్క్ పెడితే చెమటకు ఇంకింత లేస్తయి అక్కా. ఉత్తగ ముఖం కడుక్కొని రా. తడిసిన మాస్క్ మధ్యాహ్నం మార్చు." ఉతికిన మాస్కొకటి చేతిలో పెట్టింది కూడా.

కారం కన్నా ఆ మాటే మండింది. ఉప్పల్‌లో బస్సు దిగేదాకా ముఖం ఎవరికీ చూపించలేదు.

పౌడరు డబ్బా అటక మీద పడేశాను. రేపు అది ఇచ్చిన మాస్కే పెట్టుకుంటాను. కానీ నా ముఖం నున్నగా అయితే, ఆ గొప్ప కూడా స్వప్నదేనా?