గౌరి చేతులకు ఆముదం

నువ్వున్నప్పుడు నిన్ను పేరు పెట్టి పిలవలేదు. కాగితం మీద కూడా రాయలేకపోతున్నాను. నువ్వు పోయి నేటికి ఏడాది.

మన మనవరాలు గౌరి పలాసలో నువ్వు పనిచేసిన జీడి ఫ్యాక్టరీలోనే చేరింది. ఇప్పుడు కళ్లకు ఒక పెద్ద కళ్లజోడు తగిలించి పని నేర్పుతున్నారు. అందులో జీడిపిక్కలు, వాటిని కోసే కట్టరు ఎదురుగా ఉన్నట్టే కనిపిస్తాయట. రెండు రోజుల్లో గౌరి చెయ్యి తిరిగిపోయింది. పనికి ముందు నువ్వు చేతులకు ఆముదం రాసుకునే సంగతి గుర్తు చేద్దామనుకుని, నేర్పేవాళ్లే చెబుతారులే అని ఊరుకున్నాను.

మూడోరోజు నిజం పిక్కల ముందు వట్టి చేతులతో కూర్చుంది. పిక్కల్లోంచి కారే జీడి రసం అంటి వేళ్లు బొబ్బలెక్కాయి.

"ఆముదం రాసుకోమని ఎవులూ సెప్పనేదేటమ్మా?" అన్నాను.

"సెప్పారు తాతా. కళ్లజోడులో సెయ్యి మండదు గదా, మర్సిపోనాను."

ఈ ఉదయం దానితో వెళ్లాను. నేర్పేవాళ్లను అడిగి, కొత్తగా చేరిన ఆడపిల్లల ముందు ఆముదం సీసాతో నిలబడ్డాను.

"ముందు ఇది రాసుకోండమ్మా. ఆనక కళ్లజోడు ఎట్టుకోండి."

"అందులోవి ఉత్తుత్తి పిక్కలు తాతా," అని ఒకమ్మాయి నవ్వింది.

"అయినా రాసుకో. సేతికి అలవాటవుద్ది."

నవ్వుతూనే అందరూ చేతులు చాపారు. నువ్వుంటే నాకు మాట్లాడే పని పడేది కాదు.